రిజిస్టర్‌లోకి రాని పిట్టలు

చచ్చిన పిట్టలను వెతకడం ఒక ఉద్యోగమని నాకు ముప్ఫై ఎనిమిదేళ్లు వచ్చేదాకా తెలియదు. మా ఊరికి వచ్చిన సర్వే సారు ఆ మాట చెప్పినప్పుడు ఆయన ముఖం మీదే నవ్వేశాను. నా నోరు అంత మంచిది కాదు. "సారూ, బతికిన పిట్టలనే ఎవరు చూస్తలేరు, సచ్చినయాటిని చూస్తే జీతమిస్తరా?" అన్నాను. ఆయన నవ్వలేదు. సంచిలోంచి ఒక పెద్ద రిజిస్టరు తీసి నా చేతిలో పెట్టాడు. ఊళ్లో డిగ్రీ చదివి ఇంటిపట్టున ఉన్న ఆడమనిషిని నేనొక్కదాన్నే కాబట్టి ఆ పని నా దగ్గరికి వచ్చింది.

వరంగల్ నుంచి పాలంపేట వైపు పోయే దారిలో, మెయిన్ రోడ్డుకు కాస్త లోపలగా ఉంటుంది మా ఊరు. ఊరికి ఉత్తరాన రెండు గుట్టలు. చిన్నగుట్ట మీద అంతకు రెండేళ్ల ముందే ఐదు గాలి ఫ్యాన్లు లేచాయి. వాటికోసం బండలు పేల్చి, గుట్ట నడుమ నుంచి లారీ పట్టేంత రోడ్డు వేశారు. కంపెనీ కన్ను ఇప్పుడు పెద్దగుట్ట మీద పడింది. అయితే దాని మీద చెయ్యి పెట్టాలంటే, ముందు ఒక ఏడాది పాటు చిన్నగుట్ట ఫ్యాన్ల కింద ఏమేం చచ్చి పడుతున్నాయో రాసి చూపించాలట. రెక్కలు తగిలి పక్షులు ఎక్కువగా చస్తున్నాయని తేలితే పెద్దగుట్ట జోలికి పోరు. తేలకపోతే పని మొదలుపెడతారు.

"మీరు రాసిందే సాక్ష్యం అమ్మా. ఉన్నది ఉన్నట్టు రాయండి, చాలు," అన్నాడు సారు. ఆయన హైదరాబాద్ మనిషి, నలభై దాటినవాడు, నెమ్మదస్తుడు. అబద్ధమాడే మనిషి కాదని ఇప్పటికీ అనుకుంటాను.

పెద్దగుట్ట అంటే మాకు ఏమిటో చెప్పాలి. దాని మీద బండల సందుల్లో ఎలుగుబంట్లు ఉంటాయి. సీతాఫలాల కాలంలో మా వాడ ఆడవాళ్లంతా పొద్దున్నే ఆ గుట్టెక్కి, గంపలు నింపుకుని బస్సెక్కి హనుమకొండలో అమ్ముకుని వస్తారు. గుట్ట కింద పిడుగు పడి తలలు పోయిన మొండి తాటిచెట్లు ఒక ఇరవై దాకా ఉండేవి. వాటి తొర్రల్లో పాలపిట్టలు గుడ్లు పెట్టేవి. మా దగ్గర దసరా నాడు జమ్మి పూజ అయ్యాక పాలపిట్టను చూడందే ఇంటికి రారు. నేను కోడలిగా వచ్చిన మొదటి దసరాకు మా అత్తమ్మ నా చెయ్యి పట్టుకుని ఆ మొండి తాళ్ల దగ్గరికే తీసుకుపోయింది. కొమ్మలేని చెట్టు మీద మట్టిరంగులో ముడుచుకుని కూర్చున్న పిట్ట, ఒక్కసారి రెక్క విప్పేసరికి నీలం నీలంగా మెరిసింది. "చూసినవా? ఇగ యాడాదంతా నీకు ఫికర్ లేదు," అంది అత్తమ్మ. ఏడాదంతా ఫికరే అనుకోండి, అది వేరే సంగతి. కానీ ఆ పిట్టను చూసినప్పుడు నా లోపల పుట్టింటి బెంగ కాసేపు ఆగిపోయింది. అందుకే రిజిస్టరు పట్టుకున్న రోజే నాలో నేను గట్టిగా అనుకున్నాను, పెద్దగుట్ట మీదికి ఫ్యాన్లు రానివ్వకూడదని.

ఇలా చెబితే నేను కరెంటు వద్దనే మనిషినని అనుకునేరు. మా ఇంట్లో మోటరు, మిక్సీ, ఫోను అన్నీ దాంతోనే నడుస్తాయి. బొగ్గు లేకుండా, పొగ లేకుండా గాలితో కరెంటు వస్తుందంటే మంచిదే కదా అని మొదట సంతోషపడ్డ వాళ్లలో నేనూ ఉన్నాను. ఆ రెక్కలు దూరం నుంచి మెల్లగా తిరుగుతున్నట్టే ఉంటాయి. దగ్గరికి పోయి కింద నిలబడితే తెలుస్తుంది, వాటి కొసలు ఎంత వేగంగా పోతున్నాయో. పిట్టకు మాత్రం అది ఎట్లా తెలుస్తుంది?

మంగళవారం, శుక్రవారం నా డ్యూటీ. పొద్దున ఏడింటికి గుట్టెక్కి, ఒక్కో ఫ్యాను చుట్టూ మొదలు దగ్గర నుంచి బయటికి చుట్లు చుట్లుగా నడవాలి. కర్రతో పొదలు కదిపి చూడాలి. ఏదైనా దొరికితే ఫోటో తీసి, రిజిస్టరులో రాసి, ఆ పిట్టను కవర్లో కట్టి, చీటీ అంటించి, సారు ఇచ్చిన ఐసు డబ్బాలో పెట్టాలి. నెలకోసారి సారు వచ్చి డబ్బా తీసుకుపోతాడు.

మొదటి వారంలోనే పాలపిట్ట దొరికింది. రెండో ఫ్యాను కింద పడి ఉంది, దానికి ఒక రెక్క ఉంది, ఇంకో రెక్క లేదు. ఫోటో తీశాను, రాశాను, కవర్లో కట్టి ఇంటికి తెచ్చి డబ్బాలో పెట్టబోతుంటే అత్తమ్మ చూసింది.

మా అత్తమ్మకు అప్పుడు డెబ్బై దగ్గర. మామయ్య పోయి చాలా కాలమైంది. నాలుగు మేకలు పెట్టుకుని, తెల్లవారకముందే లేచి వాటిని చిన్నగుట్ట మీదికి తోలుకుపోయేది. నాకంటే ముందు గుట్టెక్కి, నేను పోయేసరికి అవతలి వాలులో ఉండేది. నోరు తక్కువ మనిషి. నాకున్న నోటికి ఆమె నోరు కూడా కలిస్తే ఆ ఇంట్లో మా ఆయన బతికేవాడు కాదు. ఆయన హనుమకొండలో బట్టల షాపులో పని చేస్తాడు, పొద్దున బస్సుకు పోతే సాయంత్రం బస్సుకు వస్తాడు.

ఆ రోజు మాత్రం అత్తమ్మ నోరు లేచింది. "పాలపిట్టను కవర్ల కట్టి ఐసుల పెడ్తవా? నీకేమన్న పిచ్చి గిట్ట లేసిందా? దసరానాడు మొక్కే పిట్ట గది. ఇంట్ల పీనుగను దాసుకుంటరా ఎవరన్న?"

"అది నా డ్యూటీ అత్తమ్మా. ముట్టకు."

ముట్టుకోవడమేమిటి, నేను స్నానానికి పోయి వచ్చేసరికి డబ్బా ఖాళీ. వెనక తలుపులోంచి చూస్తే, పెరట్లో జామచెట్టు కింద మట్టి తవ్వి ఉంది. ఆ పిట్టకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొత్త రవిక గుడ్డ ముక్క చుట్టి పూడ్చింది. వాళ్ల అమ్మగారింట్లో అదే పద్ధతట. పాలపిట్ట చచ్చి కనబడితే, ముత్తైదువను సాగనంపినట్టు సాగనంపాలి. చూసి కూడా వదిలేసి పోతే ఇంటికి అరిష్టం.

నాకు ఒళ్లు మండిపోయింది. వాడంతా వినేలా అరిచాను. "నా ఉద్యోగం పోగొడ్తవా? ఇంకొక్కసారి నేను తెచ్చిన పిట్ట మీద చెయ్యి వేస్తే మంచిగుండదు చెప్తాన!"

అత్తమ్మ చేతులకు అంటిన పసుపు కడుక్కుంది. "సరే బిడ్డా. నువ్వు తెచ్చినయి ఇంక ముట్ట," అంది. పసుపు కుంకుమలతో పూడ్చినదాన్ని మళ్లీ తవ్వి తీయడానికి నాకు మనసు రాలేదు, సారుకు ఫోటో ఒక్కటే ఇచ్చాను.

ఆ పిట్టలను ఎందుకు దాస్తున్నానో, ఆ రిజిస్టరుతో ఏం కాబోతుందో అప్పుడైనా చెప్పవచ్చు. చెప్పలేదు. బడి ముఖం చూడని మనిషికి సర్వేలు, పర్మిషన్లు ఏం అర్థమవుతాయిలే అనుకున్నాను. నాకు డిగ్రీ ఉంది కదా.

ఆ తర్వాత నా రిజిస్టరులో పాలపిట్ట పడలేదు. గద్ద పడలేదు, గుడ్లగూబ పడలేదు, పిచ్చుకంత పిట్ట కూడా పడలేదు. పడినవల్లా గబ్బిలాలు. వారానికి ఒకటో రెండో, ఒంటిమీద గాయం కూడా లేకుండా నిద్రపోతున్నట్టు పడి ఉండేవి. గబ్బిలం, గబ్బిలం, గబ్బిలం అని రాసి రాసి నాకు ఆ మాట మీదే విసుగు పుట్టింది.

సారుకు కూడా వింతగానే అనిపించింది. "కుక్కలో నక్కలో ఎత్తుకుపోతున్నాయేమో అమ్మా," అని ఒక నెలలో నాలుగు చచ్చిన కోళ్లు తెచ్చి ఫ్యాన్ల కింద అక్కడక్కడా పడేశాడు. ఎన్ని రోజులు ఉంటాయో చూసి రాయమన్నాడు. ఐదో రోజుకు కూడా మూడు అలాగే ఉన్నాయి, వాసన కొడుతూ. అత్తమ్మ ఆ రోజు ముక్కు మూసుకుని ఇంటికొచ్చి, "ఎవలో సచ్చిన కోళ్లను గుట్టమీద పారేసిండ్లు. సిగ్గులేని మనుషులు," అని తిట్టింది. సారు మాత్రం సంతృప్తిపడ్డాడు. పడినవి పడినట్టే ఉంటున్నాయి, ఎవరూ ఎత్తుకుపోవడం లేదు, అంటే పిట్టలు నిజంగానే చావడం లేదు అని లెక్క తేల్చుకున్నాడు.

ఇక్కడ నేను ఒక మాట ఒప్పుకోవాలి. నాకు సగం తెలుసు. నెలకొకసారి తెచ్చే పసుపు వారానికే అయిపోయేది. నా పాత రవికలు, పెళ్లిళ్లలో పెట్టుబడిగా పెట్టిన జాకెట్ ముక్కలు పెట్టెలోంచి ఒక్కొక్కటే మాయమయ్యాయి. అత్తమ్మ గోళ్లలో ఎర్రమట్టి. మా చేను నల్లమట్టి, ఎర్రమట్టి ఉన్నది చిన్నగుట్ట మీదే. ఒకసారి అడిగాను కూడా. "ఏం తవ్వుతానవ్ అత్తమ్మా?" అంటే, "మేకలకు గడ్డి పీకుతాన," అంది. నేను ఇంకో ప్రశ్న అడగలేదు. ఏమీ దొరకని రోజు పని తొందరగా అయిపోయేది. చచ్చిన వాటిని చేత్తో ముట్టే బాధ లేదు. సారు వచ్చినప్పుడు, "మీ రిజిస్టరు చాలా నీట్‌గా ఉందమ్మా," అనేవాడు. ఆ ఒక్క మెప్పుకు నేను పొంగిపోయేదాన్ని. పిట్టలకు తెలివి వచ్చింది, తప్పించుకుని ఎగరడం నేర్చుకున్నాయి అని నాకు నేనే చెప్పుకున్నాను. అలా నమ్మడం ఎంత హాయిగా ఉండేదో ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

ఎందుకంటే వేరే గుర్తులూ కళ్ల ముందే ఉన్నాయి. చిన్నగుట్ట మీద గద్దలు తిరగడం మానేశాయి. కింద మక్కచేలల్లో ఎలుకలు ఎంత పెరిగాయంటే, కంకి పాలు పోసుకోకముందే కొరికి పారేసేవి. కౌజులు కూయడం లేదని అత్తమ్మ రెండు మూడుసార్లు అంది. నేను వినిపించుకోలేదు.

ఏడాది తిరిగింది. గ్రామపంచాయతీ ముందు కుర్చీలు వేసి మీటింగు పెట్టారు. సారు నిలబడి రిపోర్టు చదివాడు. గబ్బిలాలు కొన్ని చనిపోతున్నాయి కానీ పక్షులకు పెద్దగా నష్టం లేదు, అవి ఫ్యాన్లను తప్పించుకుంటున్నాయి, ఏడాది మొత్తంలో ఒకే ఒక్క పాలపిట్ట, దాని శవం కూడా తమకు అందలేదు, ఫోటో మాత్రమే ఉంది. ప్రతి పేజీ కింద నా సంతకం. మీటింగులో అందరి ముందూ నన్ను లేపి చప్పట్లు కొట్టించారు. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఉన్నది ఉన్నట్టు రాశాను కదా, ఇంక నేనేం చేస్తాను అనుకున్నాను.

నాలుగు నెలలకు పెద్దగుట్ట మీదికి మిషన్లు వచ్చాయి. ముందు కింద దారికి అడ్డమున్నాయని మొండి తాళ్లను పడగొట్టారు. ఎండాకాలం, తొర్రల్లో పిల్లలున్న కాలం. రెండు రోజుల్లో ఇరవై చెట్లూ నేల మీద ఉన్నాయి. నీలం పిట్టలు ఆ పడిన మొద్దుల మీద గిరగిరా తిరుగుతూ ఒకటే అరుపు. మూడోరోజుకు అరుపు కూడా లేదు. బండలు పేలిన చప్పుడుకు ఒక ఎలుగుబంటి పట్టపగలు ఊరి పక్క చేలల్లోకి దిగి, మిరపతోటలో ఉన్న ఒక కూలిమనిషి మీద పడింది. ఆయన ఎంజీఎం దవాఖానాలో ఇరవై రోజులు ఉండి బతికాడు, ఒక కన్ను పోయింది.

ఆ ఏడు దసరాకు జమ్మి పూజ అయ్యాక నేనూ అత్తమ్మా పాలపిట్ట కోసం పోయాం. మొండి తాళ్లు లేవు. అయినా అక్కడే నిలబడ్డాం. ఊరి జనం కాసేపు చూసి, ఫోన్లలో పాలపిట్ట ఫోటోకు దండం పెట్టుకుని వెళ్లిపోయారు. పొద్దు వాలుతోంది. నేను ఇంకా కరెంటు తీగల వెంట చూస్తూనే ఉన్నాను.

"పోదాం పా బిడ్డా," అంది అత్తమ్మ. "ఇంక యాడికెల్లి వస్తది? అన్నిటిని నేనే బొంద పెడితి."

ముందు నాకు ఆ మాట అర్థం కాలేదు. అర్థమయ్యాక, "ఏడ పెట్టినవో చూపియ్యి," అన్నాను.

తెల్లవారి ఆమె నన్ను చిన్నగుట్ట అవతలి వాలుకు తీసుకుపోయింది. మోదుగు పొదల వెనక, నా చుట్లు అందని చోట, వరసగా రాళ్లు. పిడికిలంత ఒక్కో రాయి, దాని మీద కుంకుమ బొట్టు. కొన్నింటి మీద బొట్టు వానకు కారి ఎండిపోయింది. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో ఆపేశాను.

అత్తమ్మ వంగి ఒక్కో రాయినీ ముట్టి చెబుతోంది. "గిది గద్ద. గిది పైడికంటె. గిది పాలపిట్ట, గిదీ పాలపిట్టనే, దీని కడుపుల గుడ్డుండె. గిది గుడ్లగూబ, మొదలు దీన్ని ముట్టొద్దనుకున్న, మల్ల పాపమనిపించింది. ఒక్కదానికి పసుపు రాసి ఇంకోదాన్ని కుక్కలకు వదిలిపెడ్తమా? గబ్బిలాలనే ముట్టలే, భయం నాకు."

ఏడాది పాటు నేను పెట్టాల్సిన రిజిస్టరంతా ఆమె నోటికొచ్చు. ఏ పిట్ట, ఏ ఫ్యాను కింద, ఏ కాలంలో, అన్నీ.

అక్కడే నిలబడి సారుకు ఫోన్ చేశాను. ఉన్నదంతా చెప్పాను. ఆయన అంతా విని, "రిపోర్టు పోయిందమ్మా, పర్మిషన్ కూడా వచ్చేసింది. ఇప్పుడు ఎముకలు తవ్వి తీసినా ఎప్పుడు చచ్చాయో, దేనివల్ల చచ్చాయో ఎవరూ ఒప్పుకోరు. పైగా సాక్ష్యం మాయం చేశారని మీ ఇంటివాళ్ల మీదికే వస్తుంది," అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు, అలసట ఉంది. నాకు మాత్రం కోపం కావాలి. ఎవరి మీదనో ఒకరి మీద పడాలి. ఎదురుగా ఉన్నది అత్తమ్మ.

"నువ్వే పెద్దగుట్టను ముంచినవ్!" అని అరిచాను. "నీ పసుపు కుంకుమ పాడుగాను! గీ పిట్టలన్నీ నేను రాసుంటే అక్కడ ఒక్క ఫ్యాను కూడా లేవకపోవు. ఆ తాళ్లుండేటియి. ఆ పిట్టలుండేటియి. అన్నీ నీ చేతులతోటి పూడ్చి పెట్టినవ్!"

ఆమె నా ముఖం వైపు అయోమయంగా చూసింది. మట్టి అంటిన చేతిని చీరకు తుడుచుకుంది.

"రాస్తే ఆగేదా?" అంది.

"ఆగేది."

"నీ రాతతోటి గుట్ట ఆగుతదా బిడ్డా? మరి నాకొక్క మాట చెప్పకపోతివి. నీ జీతం కోసం రాస్తానవనుకున్న. చెప్తే నేను ముడుతునా? ఒక్కొక్కదాన్ని తీస్కొచ్చి నీ ముందల పెట్టకపోదునా?"

ఆమెతో ఇరవై ఏళ్లు ఒకే పొయ్యి మీద వండుకుని తిన్నాను. ఒక్క పూట కూర్చోబెట్టి చెబితే అయిపోయే మాట అది. ఇద్దరం ఆ రాళ్ల మధ్య కూర్చుని ఏడ్చాం. పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది, దాని నీడ మా మీద నుంచి పోయి వస్తూ ఉంది.

ఇప్పుడు పెద్దగుట్ట మీద తొమ్మిది ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఇక ఏ సర్వే లేదు, ఏ సారూ రాడు. అత్తమ్మకు మోకాళ్లు పోయాయి, మేకలను అమ్మేశాం. మంగళవారం, శుక్రవారం నేనే గుట్టెక్కుతాను. ఎవరూ పొమ్మనలేదు. స్టేషనరీ షాపులో ఒక రిజిస్టరు కొనుక్కున్నాను. దొరికినదాన్ని ఫోటో తీసి ముందు రాస్తాను, ఆ తర్వాత పసుపు రాసి పూడుస్తాను. రాసింది ఎవరికి చూపించాలో తెలియదు. హనుమకొండలో ఒక ఆఫీసుకు తీసుకుపోతే, మీరెవరు, మిమ్మల్ని ఎవరు రాయమన్నారు అని అడిగారు. కోపంతో నోటికొచ్చింది అని బయటపడ్డాను.

మొన్న దసరాకు అత్తమ్మ నడవలేనంది. నన్నే పోయి చూసి రమ్మంది. సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి అరుగు మీద గోడకు ఆనుకుని నా కోసమే చూస్తోంది.

"కనబడ్డదా?" అంది.

"కనబడ్డది అత్తమ్మా," అన్నాను. అబద్ధం కాదు.

ఆమె ముఖం విప్పారింది. రెండు చేతులూ జోడించి కళ్లకు అద్దుకుంది. అంతలో ఆమె చూపు నా గోళ్ల మీద పడింది. వాటి సందుల్లో ఎర్రమట్టి ఉంది, అరచేతిలో పసుపు ఇంకా పోలేదు. జోడించిన చేతులు మెల్లగా దించింది.

"రిజిస్టర్ల రాసినవా?" అని అడిగింది.

"రాసిన," అన్నాను.